నాన్ రిటర్న్ వాల్వ్

సోహార్ల పదకొండేండ్ల సంది పైపుల పనే.
గోడకు చెవి ఆనిస్తే సాలు
నీళ్లు ఏ మూలకు సణుగుతున్నయో చెప్త.
నా ఒంట్ల లీకు మాత్రం,
ఎడమ దిక్కు, గజ్జల కింద,
ఒక్కనాడు ఇనబడలే.

ఎండల దినమంత నిలబడ్డ రాత్రి
ఏదో గుంజినట్టు ఉండేది.
తడిమితే గాలానికి గుచ్చే ఎర్రల మూట.
బరువులెత్తుడుకే గిట్లయిందనుకున్న,
రూముల పన్నెండుమందిల ఎవలికి చెప్త?

స్కానింగ్ రూముల సల్లటి జెల్ పూసి
ఊపిరి బిగవట్టి ముక్కుమన్నరు.
ముక్కిన.
తెర మీది నీలం ఎర్రగ మర్లింది.
సూడాన్ డాక్టరు ఇద్రీస్ సాబ్
నా హిందీ కన్న వంకర హిందీల అన్నడు:
రక్తం పైకి పోవాలె, నీది ఎనుకకొస్తున్నది,
నరాలల్ల తలుపులు పడుతలెవ్వు.

నాన్ రిటర్న్ వాల్వ్ ఫెయిలు, అన్న నేను.
పెన్ను కింద పెట్టి నవ్విండు.
ఇగ అక్కడికెల్లి ఇద్దరం ఒక్క సైటోళ్లమే.

మందుల చీటీ ఎనుక బొమ్మ గీసిండు.
ఇదొక తొవ్వ: గజ్జల కాడ రెండేళ్లంత కోత,
తోలు, కొవ్వు, పొర,
ఉబ్బిన నరాన్ని కండ్లార చూసి ముడేసుడు.
ఇంకో తొవ్వ: బొడ్డు కాడ ఒక చిల్లు, పక్కన రెండు,
పొట్టల గాలి నింపి, కెమెరా దించి,
పైన మెయిన్ లైను కాడనే క్లిప్పు పెట్టుడు.
ఒకటి టైలు పలగ్గొట్టుడు.
ఒకటి డక్టులకెల్లి దూరుడు.

నేనడిగినయన్ని పనోని ప్రశ్నలే.
పక్క లైను తెగదా?
సన్నది, పైలంగ పోతం, అన్నడు.
మల్ల లీకైతదా? రెండిట్లనూ కావచ్చు.
నీళ్లు నిలుస్తయా? అదీ కావచ్చు.
కోతకు నడుము కింద మొద్దువారితే సాలు,
చిల్లులకు మొత్తం నిద్ర పోవాలె.
గ్యారంటీ అని అడిగితే
కిటికీలకెల్లి ఓడరేవు క్రేన్లను చూసిండు.

కంపెనీ కార్డు కోతకైతే నడుస్తదట,
కెమెరాకైతే మూడొందల రియాళ్లు నావే.
ఫోర్‌మెన్ లెక్క ఇంకొకటి:
దేంట్ల తొందరగ రెంచు పట్టుకుంటవో అది చేయించుకో.

రాత్రి నీళ్ల ట్యాంకు ఎనుక నిలబడి
జమునకు వీడియో కాల్ చేసిన.
ఆరేండ్ల పెండ్లిల మేం కలిసి ఉన్నది నూట ఇరవై దినాలు.
కోత గురించి చెప్పిన, చిల్లుల గురించి చెప్పిన,
ఏది మంచిదంటవని అడిగిన.
బీడీల చాట పక్కకు జరిపింది.

"నీకు బొమ్మ గీసి చూపిండా?"
చూపిండన్న.
"మెట్‌పల్లిల నాకు రంగు నీళ్లు ఎక్కిచ్చినప్పుడు
ఎటుకెల్లి ఎక్కిస్తరో కూడ చెప్పలే.
కరీంనగర్ల నెలకు మూడు సూదులు,
ఎందుకని అడిగితే పిల్లలు వద్దా అన్నరు.
నీకు రెండు తొవ్వలున్నయా?
మంచి డాక్టరు."

గంతే. కోపం లేదు గొంతుల.
కోపముంటే తెలికగుండు.

ఒక్క డబ్బీల పట్టియ్యమని
నన్నెవలూ అడగలే. నిజం.
నేనూ ఇస్తనన్లే. అదీ నిజమే.

కోతే చేయించుకున్న.
పచ్చ గుడ్డ అవతల నా నడుము ఎవలిదో అయింది.
కండ్లు తెరిచే ఉన్నయి, చెవులు పని చేస్తున్నయి,
ట్రేల కత్తెర చప్పుడు, కేరళ నర్సు సన్నగ దగ్గుడు.
నీళ్ల సప్పుడు ఇనబడ్తదేమోనని చెవి పెట్టిన.
ఏం ఇనరాలే.

మూడు నెలలకు పరీక్ష అన్నరు.
అప్పటిదాంక పది కిలోలకు మించి ఎత్తద్దు.
మంచం మీద ఒత్తిగిలి పండి
ఆ చీటీ ఫోటో జమునకు పంపిన.
జరసేపటికి ఆమె ఫోటోలొచ్చినయి,
ఐదేండ్ల కాయితాలు,
మడతల కాడ నలిగి, ఒకదాని మీద చాయ మరక.

అప్పట్లనే నాకు పంపిందట.
ఇయ్యాల్నే పెద్దగ చేసి
లైను గీతల మీద ఏలు పెట్టుకుంట
డ్రాయింగు చదివినట్టు చదువుతున్న.
లోపట తెల్లగ, రెండు దిక్కుల,
ఎక్కడా అడ్డం లేకుంట
రంగు అటు దాటిపోయింది.